మారని సంఖ్యలు, మార్చిన సంఖ్యలు

నేను కళాశాలలో చేరిన తొలి సంవత్సరమున జరిగిన ఒక చిన్న సంగతితో ఈ వ్యాసమును ప్రారంభింతును. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మాచేత చేయించిన మొదటి ప్రయోగము లఘులోలకము. ఒక దారము, దాని కొనకు ఇత్తడి గుండు, చేతిలో స్టాప్ వాచి. దారపు పొడవు మార్చుచు, ఇరువది డోలనములకు పట్టిన కాలమును గుర్తించి, దానినుండి గురుత్వ త్వరణమును సాధింపవలెను. నాకు వచ్చిన ఫలము సెకను వర్గమునకు 978 సెంటీమీటర్లు. సంతోషముతో రికార్డు పుస్తకము చేతబట్టి పోయితిని. అధ్యాపకులవారు చూచిరి; ఎఱ్ఱసిరా కలము తీసి 978 చుట్టును ఒక సున్న చుట్టిరి; "ఇది 981 రావలెను గదా! మరల చూచుకొని రమ్ము" అనిరి. మరల చూచుకొనుట యనగా నేమో నాకు బోధపడలేదు. ప్రయోగశాల సహాయకుడు జాలిపడి చెవిలో చెప్పినాడు: రెండు మూడు చోట్ల కాలమును పదవ వంతు సెకను చొప్పున తగ్గించిన చాలునట. తగ్గించితిని. 981 వచ్చినది. సంతకము పడినది. పదికి తొమ్మిది మార్కులును వచ్చినవి.

ఆ రికార్డు పుస్తకము నేటికిని నా యింట నొక పాత పెట్టెలో నున్నది. దానిని చూచినప్పుడెల్ల నాకు రెండు విధముల సిగ్గు కలుగును. చేయని కొలతను చేసినట్లు వ్రాసితినే యను సిగ్గు మొదటిది. రెండవది కొంత వింతయైనది: దిద్దకముందు నేను వ్రాసిన సంఖ్యయే మా ఊరికి సరియైన సంఖ్య!

భూమి సంపూర్ణ గోళము కాదు. ధ్రువములవద్ద కొంచెము నొక్కుకొని, నడుమ కొంచెము ఉబ్బియున్నది. పైగా తన చుట్టు తాను తిరుగుచున్నది. అందుచేత గురుత్వ త్వరణము భూమధ్యరేఖవద్ద సెకను వర్గమునకు సుమారు 978.0 సెంటీమీటర్లు, ధ్రువములవద్ద 983.2. లండనులో అది 981.2. మన తెలుగునాట తిరుపతి మొదలు ఆదిలాబాదు వరకు, శ్రీకాకుళము మొదలు హైదరాబాదు వరకు ఎచ్చట కొలిచినను అది 978కిని 979కిని నడుమనే యుండును. కనుక మా పుస్తకములోని 981 అబద్ధము కాదు. అది లండను నగరమునకు నిజము. ఏ త్రోవను అది మన పుస్తకములలోనికి వచ్చి చేరినదో ఊహించుట కష్టము కాదు.

ఇట్లు చెప్పుటలో నేనేదో గొప్ప కొలత కొలిచితినని చాటుకొనుట నా అభిమతము కాదు. మీటరు పొడవు దారము ఇరువది మారులు ఊగుటకు నలుబది సెకనులు పట్టును. వాచిమీట నొక్కుటలో మనుష్యుని వ్రేలు చేయు ఆలస్యము పదవ వంతు సెకనుకు తక్కువ యుండదు. ఆ పదవ వంతు సెకను వలననే ఫలములో అయిదు సెంటీమీటర్ల తేడా రావచ్చును. కావున నాకు 978 వచ్చుట కొంతవరకు అదృష్టము. 974 వచ్చియుండవచ్చును, 982 వచ్చియుండవచ్చును. అసలు మాట అదియే. ఆ ప్రయోగమున 978 అనియు 981 అనియు తేల్చి చెప్పు శక్తి లేదు. శక్తి లేని సాధనముచేత బలవంతముగా నొక సంఖ్యను పలికించితిమి. పలికించిన సంఖ్య పొరుగుదేశపుది.

మా అధ్యాపకులను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. ఆయనయు తన విద్యార్థిదశలో ఇట్లే దిద్దుకొనియుందురు. తప్పు ఆ ఒక్క మాటలో నున్నదని నాకు తోచుచున్నది: స్థిరాంకము. పాఠ్యపుస్తకము చివర ఒక పట్టిక యుండును. అందులో వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి, గురుత్వ త్వరణము, కాంతివేగము, అవగాడ్రో సంఖ్య, వాయు స్థిరాంకము, విశ్వగురుత్వ స్థిరాంకము వరుసగా నిలువబడియుండును. అన్నిటిని ఒకే గాట కట్టినందున, అన్నియు ఒకే జాతివని పిల్లలు తలతురు. ఆకాశమునుండి ఒకేమారు ఊడిపడిన సంఖ్యలనియు, వానిని కంఠస్థము చేయుటయే మన పని యనియు నమ్ముదురు. నిజమునకు వాని పుట్టుకలు వేరు, నడవడికలు వేరు. కొన్నిటిని కొలువ నక్కరలేదు. కొన్నిటిని కొలుచుచునే యుండవలెను. కొన్నిటిని మనుష్యులు సభచేసి నిర్ణయించిరి. కొన్ని ఊరు మారిన మారును. కొన్ని ఎండ ముదిరిన మారును.

మొదట ఆ గురుత్వ త్వరణము కథనే మరికొంత చెప్పనిండు. 1672లో జాన్ రిషే యను ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు పారిస్ నుండి దక్షిణ అమెరికాలోని కయేన్ అను చోటికి, భూమధ్యరేఖకు దాపునకు, పోయెను. పారిస్‌లో చక్కగా సరిచేసి తీసికొనిపోయిన లోలకపు గడియారము అక్కడ దినమునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడసాగెను. ఉష్ణమునకు లోలకపు కడ్డీ సాగినందున ఇట్లయినదేమో యను శంక సహజముగ కలుగును. ఆ సాగుదల యింత తేడాకు చాలదని న్యూటన్ తన గ్రంథమున చూపెను. భూమి నడుమ ఉబ్బియున్నదనుటకు ఈ గడియారమును సాక్షిగ నిలిపెను. ఇక్కడ మన విద్యార్థులు గమనింపవలసిన దొకటి కలదు. పారిస్ కాలమే సరియైన కాలమని తలచి, రిషే తన లెక్కల పుస్తకములో అంకెలు దిద్దలేదు. అంకెలను అట్లే యుంచి, లోలకమును ఎంత కురచ చేసిన గడియారము సరిగా నడచునో కొలిచి వ్రాసికొనెను. అతడు మా ప్రయోగశాలలో చదివియున్నచో భూమి ఆకారము మరికొన్నాళ్లు తెలియకయే పోయెడిది.

మన దేశమునను ఈ పనికి ప్రాణము లొడ్డినవారు కలరు. మహా త్రికోణమితీయ సర్వేకు చెందిన కెప్టెన్ బసేవి 1865 నుండి లోలకములను మోసికొని దేశమంతట తిరుగుచు, ఊరూర గురుత్వమును కొలిచెను. 1871లో లడఖ్‌లోని ఎత్తయిన పీఠభూమిపై, ఆ కొలతల నడుమనే, చలికిని పలుచని గాలికిని తాళలేక మరణించెను. స్థిరాంకమని మన పట్టికలో ఒక్క పంక్తిలో ముగించు సంఖ్యకొరకు, అది చోటుచోటున ఎంత మారునో తెలిసికొనుటకొరకు, ఒక మనుష్యుడు చనిపోయినాడు.

ఇంకొక ముచ్చట. గురుత్వ త్వరణము మీటర్లలో 9.8, ‘పై’ యొక్క వర్గము 9.87. ఈ రెండును ఇంత దగ్గరగా నుండుటేమని తెలివిగల విద్యార్థి ఎప్పుడైన అడిగెనేని, ఉపాధ్యాయుడు కాకతాళీయమని త్రోసివేయరాదు. ఒక వైపునుండి మరొక వైపునకు సరిగా ఒక సెకనులో ఊగు లోలకపు పొడవునే ప్రమాణమైన కొలతగా పెట్టుకొందమని ఫ్రాన్సులో 1790 ప్రాంతమున గట్టి ప్రతిపాదన వచ్చినది. అట్లు జరిగియుండినచో, ఆ కొలత తీసిన చోట గురుత్వ త్వరణము సరిగ్గా ‘పై’ వర్గమే అయ్యెడిది. లోలక సూత్రములో పొడవునకు 1, కాలమునకు 2 వేసి చూచిన తేలిపోవును. కాని 1791లో వారు ఆ పద్ధతిని విడిచి, ధ్రువమునుండి భూమధ్యరేఖ వరకు గల దూరములో కోటియవ వంతును మీటరుగ గ్రహించిరి. అది పాత ప్రతిపాదనలోని పొడవునకు చాల దగ్గరగా నుండుటచేత, రెండు సంఖ్యలును పక్కపక్కనే నిలిచిపోయినవి. మా తండ్రిగారి తరమువారు అడుగులలో 32 అని వల్లించిరి. మేము 981 అంటిమి. నేటి పిల్లలు 9.8 అందురు. భూమి మారలేదు, గజము పోయి మీటరు వచ్చినదంతే. మన దేశమున తూనికలు కొలతల చట్టము 1956లో వచ్చినప్పుడు వీశెలు, మణుగులు పోయి కిలోగ్రాములు వచ్చినట్లే. మేనికి కొలత యున్న ప్రతి స్థిరాంకమును మన కొలబద్దపై ఆధారపడి యుండునని పిల్లలకు చెప్పుటకు దీనికన్న మంచి తరుణము లేదు.

ఇక ‘పై’ మాట. ఇది కొలతకు లొంగునది కాదు, లోబడవలసిన పనియు లేదు. భూమి యుండనీ, లేకపోనీ, వృత్తమునకు వ్యాసమునకు గల సంబంధ మొక్కటియే. అయినను మన పాఠశాలలలో దీనికి జరుగు అన్యాయము చిన్నది కాదు. ఏడవ తరగతిలో ‘పై’ అనగా 22/7 అని నేర్పుదురు. తొమ్మిదవ తరగతిలో ‘పై’ కరణీయ సంఖ్య, దానిని భిన్నముగా వ్రాయ సాధ్యము కాదని నేర్పుదురు. బుద్ధిమంతుడైన పిల్లవాడు ఈ రెంటిని ఎట్లు పొందించుకొనును? చాలమంది పొందించుకొనరు, రెంటిని వేరువేరు ప్రశ్నలకు సమాధానములుగ దాచుకొందురు. ఒకరిద్దరు లేచి అడుగుదురు. వారిని కూర్చుండబెట్టుదుము.

ఈ విషయమున మన పూర్వులు మనకన్న జాగరూకులు. 499 ప్రాంతమున ఆర్యభటుడు ఇరువదివేల వ్యాసము గల వృత్తమునకు 62,832 పరిధి యని చెప్పెను, అనగా 3.1416. ఆ సంఖ్యకు ఆయన ‘ఆసన్న’ అను ఒక్క మాటను చేర్చెను. దగ్గరిది, అంతియే కాని అదియే కాదు అని అర్థము. ఆ ఒక్క మాట మన 22/7 ప్రక్కన అచ్చుపడిన ఎంత బాగుండును! పావులూరి మల్లన తెనిగించిన గణితసార సంగ్రహమునకు మూలకర్తయైన మహావీరాచార్యుడు, తొమ్మిదవ శతాబ్దమున, స్థూలమునకు 3, సూక్ష్మమునకు 10 యొక్క వర్గమూలము వాడెను. ఆ వర్గమూలము 3.162, ఆర్యభటుని సంఖ్యకన్న దూరము, 22/7 కన్నను దూరము. సూక్ష్మమన్నది పేరునకే. కాని స్థూలమనియు సూక్ష్మమనియు రెండు పేర్లు పెట్టి, పని ననుసరించి ఏది వాడవలెనో చెప్పుట యందు గొప్ప వివేకమున్నది. మన పిల్లలకు ఆ వివేకము చెప్పము, సంఖ్య మాత్రము చెప్పుదుము.

22/7 పనికిరాదని నేననుట లేదు. ఏడు మీటర్ల అడ్డము గల దిగుడుబావికి చుట్టుగోడ కట్టవలెనన్న, 22/7 లెక్కన పరిధి 22 మీటర్లు. నిజమైన పరిధికిని దానికిని తేడా తొమ్మిది మిల్లీమీటర్లు. ఏ తాపీమేస్త్రియు ఆ తేడాకు తగవులాడడు. ఆర్కిమిడీసు 22/7 చూపినది కూడ, నిజమైన విలువ దీనికి లోపలనే యుండునని, ఇది పై హద్దు అని. హద్దుగ చెప్పినదానిని మనము ఇల్లుగ చేసికొంటిమి. లాంబర్టు 1761లో ‘పై’ ఏ భిన్నమునకును సమానము కాజాలదని నిరూపించెను. 1882లో లిండెమన్ అంతకు మించి, పూర్ణాంకములతో కూర్చిన ఏ బీజ సమీకరణమునకును అది మూలము కాజాలదని నిరూపించెను. దీనితో వృత్తమునకు సమానమైన చతురస్రమును కొలబద్ద, వృత్తలేఖినులతో గీయవలెనను రెండువేల యేండ్ల ఆశ ముగిసినది.

విలియం షాంక్స్ అను ఇంగ్లీషు పాఠశాల యజమాని యొకడు ఏండ్ల తరబడి చేతితో లెక్కించి, 1873లో ‘పై’ విలువను 707 దశాంశ స్థానముల వరకు ప్రకటించెను. డెబ్బది యేండ్లు లోకము దానిని నమ్మినది. 1940ల నడుమ ఫెర్గూసన్ అను గణితజ్ఞుడు మరల లెక్కించి చూడగా, 528వ స్థానము నుండి అంతయు తప్పని తేలినది. పాపము షాంక్స్! అయినను ఇందు విద్యార్థికి ఒక మంచి గుర్తు దొరకును. ఇక్కడ తప్పు లెక్కది. కావుననే లెక్కతోనే దానిని పట్టగలిగిరి. గురుత్వము విషయమున తప్పు ఉన్నదో లేదో తెలియుటకు మరల దారము కట్టి వ్రేలాడదీయక తప్పదు. గణిత స్థిరాంకమునకు, భౌతిక స్థిరాంకమునకు భేదము ఇంతకన్న తేటగా చెప్పుట నాకు చేతకాదు.

‘ఇ’ అను మరొక గణిత స్థిరాంకము కలదు. సంవర్గమానముల పాఠములో దానిని 2.718 అని ఒక్కమాటలో చెప్పి ముందునకు సాగుదురు. అట్లు గాక చక్రవడ్డీతో మొదలుపెట్టరాదా? నూటికి నూరు చొప్పున సంవత్సరపు వడ్డీకి ఒక రూపాయి ఇచ్చినచో సంవత్సరాంతమునకు రెండు రూపాయలు. ఆరునెలల కొకమారు వడ్డీ అసలులో కలిపిన 2.25. మూడు నెలల కొకమారు కలిపిన 2.44. నెలకొకమారు కలిపిన 2.61. దినదినము కలిపిన 2.71. గంట గంటకు, నిమిషము నిమిషమునకు కలిపినను, వడ్డీవ్యాపారి ఎంత ఆశపడినను, ఆ రేటున రెండు రూపాయల డెబ్బదిరెండు పైసలు దాటదు. ఆశకు అక్కడ ఒక గోడ యున్నది. ఆ గోడయే ‘ఇ’. జాకబ్ బెర్నూలీ 1683లో ఈ ప్రశ్న వేసికొనియే దానిని సమీపించెను. అప్పుల బాధ తెలిసిన ఇండ్ల పిల్లలు దీనిని ఎన్నడును మరువరు.

కొలిచి తెలిసికొనవలసిన వానిలో రెంటిని పక్కపక్కన నిలుపుదును. ఒకటి విశ్వగురుత్వ స్థిరాంకము. 1798లో కావెండిష్ రెండు పెద్ద సీసపు గుండ్లు రెండు చిన్న గుండ్లను ఎంత ఆకర్షించునో సన్నని తీగ మెలికనుబట్టి కొలిచెను. తన ఒంటి వేడిమికి గాలి కదలునని గది వెలుపల నుండి దూరదర్శినిలో చూచి గుర్తించెను. ఆయన వెదకినది భూమి సాంద్రతను, నీటికి 5.48 రెట్లని చెప్పెను, నేటి విలువ 5.51. మనము పెద్దక్షరమున వ్రాయు ‘జి’ ఆయన వ్యాసములో లేనేలేదు, తరువాతివారు ఆ కొలతనుండి రాబట్టిరి. రెండువందల యేండ్లకు పైగా గడచినవి. ఎన్ని గొప్ప ప్రయోగశాలలు పూనుకొన్నను, దానిని మొదటి నాలుగైదు అంకెలను మించి నిశ్చయముగ చెప్పలేకున్నాము. జాగ్రత్తగా చేసిన కొలతలే ఒకదానితో నొకటి పొసగుట లేదు. ఇట్టి సంఖ్యను పట్టికలో మిగిలినవానివలె ధీమాగా అచ్చువేయుదుము!

రెండవది కాంతివేగము. 1676లో రోమర్ బృహస్పతి ఉపగ్రహపు గ్రహణములనుబట్టి కాంతికి వేగమున్నదని గుర్తించినది మొదలు, ఫీజో, ఫూకో, మైకెల్సన్ వరుసగా దానిని బిగించుచు వచ్చిరి. 1879లో మైకెల్సన్ సెకనుకు 2,99,910 కిలోమీటర్లనెను. 1926లో తానే 2,99,796 అనెను. 1983లో ఈ కొలత ఆగిపోయినది. అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ, కాంతివేగము సెకనుకు 29,97,92,458 మీటర్లు, ఇక దీనికి దశాంశముల తోక లేదు, అని నిర్ణయించినది. సెకనులో అన్నవ వంతున కాంతి పోవు దూరమే ఆనాటినుండి మీటరు. ఇప్పుడెవడైన కాంతివేగమును కొలిచెదనని పూనుకొన్నచో, అతడు తెలియకయే మీటరు కఱ్ఱను సరిచూచుచున్నాడు. అనగా, మొదట మీటరు రాజు, కాంతి బంటు. పిమ్మట కాంతి రాజు, మీటరు బంటు. 2019 మే 20 నుండి ప్లాంక్ స్థిరాంకము, ఎలక్ట్రాను ఆవేశము, బోల్ట్జ్‌మన్ స్థిరాంకము, అవగాడ్రో సంఖ్య కూడ ఇట్లే స్థిరపరచబడినవి. 1889 నుండి పారిస్ శివారున గాజు కప్పుల క్రింద దాచిన ప్లాటినం, ఇరిడియం కిలోగ్రాము దిమ్మెకు ఆనాటితో సింహాసనము పోయినది.

రసాయనశాస్త్రమునకు వత్తము. మా తరము విద్యార్థుల నెవరిని నిద్ర లేపి అడిగినను అవగాడ్రో సంఖ్య 6.023 అని చెప్పుదురు. అవగాడ్రో మాత్రము ఆ సంఖ్య ఎరుగడు. 1811లో ఆయన చెప్పినది, సమాన ఉష్ణోగ్రతా పీడనములవద్ద సమాన ఘనపరిమాణముగల వాయువులలో అణువుల సంఖ్య సమానమని మాత్రమే. ఎంత యని కాదు. 1865లో లోష్మిట్ అణువుల పరిమాణమును మొదటిసారి అంచనా కట్టెను. 1909లో పెరిన్ ఆ సంఖ్యకు అవగాడ్రో పేరు పెట్టెను. నీటిలో తేలు సన్నని రేణువుల గంతులు, ఆకాశపు నీలిమ మొదలగు ఒకదానితో నొకటి పొత్తులేని అనేక మార్గములలో లెక్కించినను సంఖ్య ఇంచుమించు ఒకటియే వచ్చుచుండుట చూపి, అణువులు నిజముగ నున్నవా యని సందేహించు పెద్దలను ఒప్పించెను. ఆకాశము నీలముగ నుండుటకును, బల్లమీది గ్లాసుడు నీళ్లలో అణువులెన్ని యనుటకును సంబంధమున్నదని ఏ పాఠములోనైన మనము చెప్పితిమా? నేడు ఆ సంఖ్య 6.02214076 × 10²³, దీనికిని తోక లేదు. పాత 6.023 ఇంకను కొన్ని నోట్సు పుస్తకములలో సజీవముగ నున్నది.

సమతాస్థితి స్థిరాంకము పేరు మరింత మోసకారి. అది ఒక్క ఉష్ణోగ్రతవద్దనే స్థిరము. నీటి అయానుల లబ్ధమునే చూడుడు. 25 డిగ్రీలవద్ద అది 10⁻¹⁴. అందుచేత శుద్ధజలపు పి.హెచ్. 7. ఈ 7 మన పిల్లల రక్తములో జీర్ణించినది. 7 అనగా తటస్థము, అంతకు తక్కువయైన ఆమ్లము. కాని 40 డిగ్రీలవద్ద ఆ లబ్ధము సుమారు మూడు రెట్లగును, శుద్ధజలపు పి.హెచ్. 6.77 వద్ద నిలుచును. ఆ నీరు ఆమ్లమా? కానే కాదు, అది తటస్థమే. తటస్థపు గుర్తే జరిగినది. వేసవిలో రెంటచింతలలోనో రామగుండములోనో బడిగదిలోని నీటికి 7 వర్తింపదు. పుస్తకము వ్రాసినవాని గది 25 డిగ్రీలలో చల్లగా నున్నది. మన గది లేదు. లండను గురుత్వము వలెనే ఇదియు.

ఈ స్థిరాంకములు కాలముతోకూడ మారునేమో యను అనుమానమును పెద్దలకు రాకపోలేదు. విశ్వము వయసు పెరిగినకొలది గురుత్వ స్థిరాంకము క్షీణించునేమో యని డిరాక్ 1937లో సూచించెను. ఆఫ్రికాలోని గబాన్ దేశమున ఓక్లో యనుచోట, సుమారు రెండువందల కోట్ల యేండ్లకు పూర్వము భూగర్భమున తనంతట తాను మండిన యురేనియము నిక్షేపము 1972లో బయటపడగా, దాని బూడిదను పరీక్షించి, నాటికిని నేటికిని పరమాణు స్థిరాంకములలో చెప్పుకోదగిన మార్పు లేదని తేల్చిరి. మార్పు లేదని నమ్మి ఊరకుండలేదు. తవ్వి చూచిరి.

నా మాటలకు ఉపాధ్యాయమిత్రులు చెప్పబోవు సమాధానము నాకు తెలియును. పదవ తరగతి పరీక్షలు నెత్తిమీద నుండగా కావెండిష్ కథలకు తీరిక యెక్కడిది? వారి కష్టము నిజమే. కాని ఆ సంఖ్యలను వల్లింపజేయుటకు పట్టు కాలమో? ప్రశ్నపత్రము పైననే స్థిరాంకముల పట్టిక అచ్చువేసి ఇచ్చిన, ఆ కాలమంతయు మిగులును. పట్టికలో రెండు గీతలు గీసి, లెక్కవలన వచ్చినవి, నిర్ణయించినవి, కొలిచినవి అని విడదీసి, కొలిచినవానికి ఎంతవరకు నమ్మకమో ప్రక్కన చూపిన మరింత మేలు.

ఇంకొక ఆక్షేపణ దీనికన్న బరువైనది. పిల్లవాడు ఏ సంఖ్య వ్రాసినను ఒప్పుకొన్నచో, శ్రద్ధగా చేసినవానికిని నిర్లక్ష్యముగ చేసినవానికిని భేదమేమి? భేదము ఫలములో కాదు, కొలతల పంక్తిలో వెదకవలెను. ఒకనికి 1083 వచ్చినదనుకొందము. గుండు విడిచినప్పుడు సున్న అనుటకు బదులు ఒకటి అని లెక్క మొదలుపెట్టియుండును; ఇరువదనుకొన్నవి పందొమ్మిదియే. మరియొకనికి 968 వచ్చును. గుండు నడుమ వరకు కొలువక దారము కొన వరకు మాత్రమే కొలిచియుండును. ఇట్టి తప్పును తానై పట్టుకొని వ్రాసినవానికి పూర్తి మార్కులు ఈయవలెను. పట్టలేక నిజము వ్రాసినవానికి సగము. చక్కగా 981 తెచ్చినవానిని పిలిచి కొలతలు మరల చేయింపవలెను. నేడు జరుగునది దీనికి సరిగా తల్లక్రిందు.

పెద్దలును ఈ వలలో చిక్కుకొనిరని రిచర్డ్ ఫైన్‌మన్ 1974లో విద్యార్థులకు చెప్పిన ఒక కథ కలదు. మిల్లికాన్ నూనె బిందువులతో ఎలక్ట్రాను ఆవేశమును కొలిచినప్పుడు, గాలి స్నిగ్ధతకు తప్పు విలువ వాడినందున ఫలము కొంచెము తక్కువ వచ్చినది. తరువాత కొలిచినవారు ఒక్కమారుగ సరియైన విలువకు పోక, మెల్లమెల్లగ పైకి జరిగిరట. మిల్లికాన్ సంఖ్యకు మరీ దూరముగ వచ్చినప్పుడు తమ ప్రయోగములో తప్పు వెదకుకొనుచు, దగ్గరగ వచ్చినప్పుడు వెదకుట మానివేసిరని ఆయన వ్యాఖ్య. నేను కాలములను పదవ వంతు తగ్గించినది ఈ పనియే; వారికి ఎఱ్ఱసిరా కలము కనబడలేదు, నాకు కనబడినది.

బడి తెరచిన పిమ్మట ఏ ఉపాధ్యాయుడైన సాహసించినచో, ఖర్చులేని పని యొకటి కలదు. ప్రయోగశాల లేని బడిలోను దూలమునకు మేకు ఉండును. మేకునుండి గుండు నడిమికి 99 సెంటీమీటర్ల 1 మిల్లీమీటరు దారము కట్టవలెను. మన జిల్లాలలో ఆ లోలకము ఒక వైపునుండి మరొక వైపునకు ఇంచుమించు సరిగ్గా ఒక సెకనులో పోవును. తరగతిలోని నలుబదిమంది పిల్లలు తలా నూరు డోలనములు లెక్కించి, ఎవరికి వచ్చిన సంఖ్యను వారు నల్లబల్లపై వ్రాయవలెను. ఎవరును ఎవరిది చూచి దిద్దుకొనరాదు. ఆ నలుబది సంఖ్యల సగటును తీయుడు. పట్టికను మాత్రము అప్పటివరకు మూసియుంచుడు.